లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే పరిచయాలు పెంచుకోవడం ఎలా? వరంగల్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చిలో మొదటి లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి 2021 జూన్‌లో రెండోది ఎత్తేసేదాకా హనుమకొండ, కాజీపేట, పరకాల, జమ్మికుంట, జగిత్యాల వైపు నుంచి జూనియర్లూ తెలిసినవాళ్ల పిల్లలూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఒకేలాంటివి కలిపేశాను. అప్పటికీ ఇప్పటికీ మారిన నంబర్లూ రూల్సూ కొన్ని సరిచేశాను. మిగతాదంతా అప్పట్లో చెప్పిందే, ఎందుకంటే ఇప్పటికీ కొందరు ఇంట్లోంచే పనిచేస్తున్నారు, చాలా ఇంటర్వ్యూలు ఫోన్‌లోనే అయిపోతున్నాయి.

బయటికే వెళ్లొద్దంటున్నారు, ఇప్పుడు నెట్‌వర్కింగ్ ఏంటి అన్నా?

ఇప్పుడే చేయాలి. మామూలు రోజుల్లో మన దగ్గరి పిల్లలకి పెద్ద అడ్డంకి దూరం. ఏ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయి, ఏ ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారు, ఏ కన్సల్టెన్సీ దొంగది, ఇవన్నీ తెలియాలంటే అమీర్‌పేటలో ఏదో హాస్టల్లో బెడ్ తీసుకుని మైత్రీవనం చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర నలుగురితో మాట్లాడాల్సిందే. హాస్టల్ ఫీజు కట్టగలిగినవాడికి కబుర్లన్నీ తెలిసేవి, కట్టలేనివాడు పేపర్‌లో ప్రకటన వచ్చేదాకా ఎదురుచూసేవాడు. లాక్‌డౌన్‌లో ఆ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మాదాపూర్ మేనేజరూ ఇంట్లోనే, మీరూ ఇంట్లోనే. చాలామంది ఐటీ వాళ్లు లాప్‌టాప్ సర్దుకుని హనుమకొండకీ కరీంనగర్‌కీ వచ్చేశారు కూడా. రెండు వీధుల అవతలున్న మనిషినీ ఫోన్‌లోనే పలకరించాలి, బెంగళూరులో ఉన్న మనిషినీ ఫోన్‌లోనే పలకరించాలి. అలాంటప్పుడు హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 145 కిలోమీటర్లన్న సంగతి ఎవడికి కావాలి?

నాకు పెద్దవాళ్లెవరూ తెలియదు. ఎవరికి మెసేజ్ పెట్టను?

పెద్దవాళ్లు అక్కర్లేదు. ముఖపరిచయం ఉన్నవాళ్లు కావాలి. మీ ప్రాణ స్నేహితులకి తెలిసిందంతా మీకు తెలిసే ఉంటుంది, వాళ్లూ మీలాగే అవే గ్రూపుల్లో అవే పోస్టులు చూస్తున్నారు. కొత్త కబురు వచ్చేది అంతగా దగ్గర కాని మనుషుల నుంచి. ఇది నేను కనిపెట్టింది కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనంలో ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డిన్ వాడే 2 కోట్ల మందికి పైగా మీద ప్రయోగం చేసి చూస్తే, బాగా దగ్గరివాళ్ల కంటే కొద్దో గొప్పో తెలిసినవాళ్ల ద్వారానే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని తేలింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. ఇంటర్‌లో మీ పక్క రూమ్‌లో ఉండి తర్వాత ఎక్కడికెళ్లాడో తెలియనివాడు, నర్సంపేట నుంచి మీతోపాటు కాలేజీ బస్సులో వచ్చిన సీనియర్ అక్క, ప్రాజెక్ట్ గైడ్ సార్, ఆ సార్ దగ్గర మీకంటే ముందు ప్రాజెక్ట్ చేసినవాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంప్‌లో వంటకి సాయం చేసినవాడు, మీ బావ ఆఫీసు నుంచి ఒకసారి పెళ్లికి వచ్చి మీతో ఫొటో దిగినాయన. ఈ కాగితం నింపడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడు అవసరం పడితే గుర్తొచ్చామా అనుకుంటారేమో అని భయం. నిజానికి లాక్‌డౌన్ రోజుల్లో పాతవాళ్లు ఫోన్ చేస్తే సంతోషించినవాళ్లే ఎక్కువ. అందరూ ఇంట్లో కూర్చుని విసిగిపోయి ఉన్నారు మరి.

సార్ అనాలా, అన్నా అనాలా, బ్రో అనాలా?

అదే కాలేజీ అయితే, రెండు మూడేళ్ల సీనియర్ అయితే అన్నా, అక్కా అనండి, మన దగ్గర అదే మర్యాద. పరిచయమే లేని మనిషికి పేరు పక్కన గారు చేర్చండి. పాఠం చెప్పినాయన ఎప్పటికీ సారే. బ్రో మాత్రం వాళ్లు ముందు అనేదాకా ఆగండి.

మెసేజ్‌లో అసలు ఏం రాయాలి?

ముందు ఏం రాయకూడదో చూడండి. “హాయ్ సార్, ఐ యామ్ ఫ్రెషర్, ప్లీజ్ రిఫర్ మీ, రెజ్యూమ్ అటాచ్డ్.” ఉద్యోగంలో ఉన్న ఎవరి ఇన్‌బాక్స్ తెరిచినా ఇవే గుట్టలుగా ఉంటాయి. ఎవరు, ఏ పనికి, నన్నే ఎందుకు అడుగుతున్నాడు, ఏదీ తెలియదు. జవాబు ఇవ్వాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వదిలేస్తారు. పొగరు అనుకోకండి.

ఇప్పుడిది చూడండి:

“నమస్తే అన్నా. నేను మన కాలేజీలోనే 2020 బ్యాచ్, ఈసీఈ. మీరు ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా ల్యాబ్‌కి వచ్చి మీ ప్రాజెక్ట్ బోర్డు చూపించారు, ఆ సెన్సార్ మా చేతిలో కాలిపోయింది కూడా! ఇంట్లో అందరూ క్షేమమనుకుంటున్నాను. నేనిప్పుడు ఎంబెడెడ్ టెస్టింగ్ నేర్చుకుంటున్నా. మీ టీంలో ఫ్రెషర్‌ని తీసుకునేటప్పుడు ముందు సీ లాంగ్వేజ్ చూస్తారా, పైథాన్ చూస్తారా? వీలున్నప్పుడు ఒక్క లైన్ చెప్పినా చాలు.”

ఇందులో ఉద్యోగం అన్న మాటే లేదు. మీరెవరో ఆయనకి గుర్తొచ్చేలా ఒక గుర్తు ఉంది, బొటనవేలితో రెండు ముక్కల్లో జవాబిచ్చేంత చిన్న ప్రశ్న ఉంది. ఉద్యోగం అడిగితే ఆయన చేతిలో ఉన్నది లేదనే జవాబొక్కటే. సంగతి అడిగితే చెప్పడానికి చాలా ఉంటుంది, చెప్పడం మొదలుపెట్టిన మనిషి చాలాసార్లు తనే “నీ రెజ్యూమ్ ఓసారి పంపు” అంటాడు. అనకపోయినా ఏం చదవాలో తెలిసింది, అది మాత్రం తక్కువా?

లింక్డిన్‌లో కనెక్షన్ రిక్వెస్ట్‌తో పంపే నోట్‌కి అక్షరాల పరిమితి ఉంటుంది, పైగా ఇప్పుడు ఉచిత ఖాతాలకి నెలకి కొద్ది నోట్లే రాయనిస్తోంది. అందుకని నోట్‌లో గుర్తు ఒక్కటే రాసి, ప్రశ్న వాళ్లు యాక్సెప్ట్ చేశాక అడగండి. ఒకే మెసేజ్‌ని కాపీ చేసి వంద మందికి పంపేవాళ్లు కూడా ఉన్నారు. పైన పేరు మార్చడం మరిచిపోయి ఒకరికి ఇంకొకరి పేరుతో పంపుతారు, ఆ స్క్రీన్‌షాట్లు ఆఫీస్ గ్రూపుల్లో తిరుగుతాయి.

చూశారు, రిప్లై ఇవ్వలేదు. మళ్లీ అడగొచ్చా?

వారం పది రోజులు ఆగి ఒక్కసారి అడగండి. అప్పటికీ లేకపోతే వదిలేయండి, ఆరు నెలల తర్వాత వేరే సందర్భంలో పలకరించవచ్చు. నీలం టిక్కులు పడ్డాయి కదా అని గంట గంటకీ ప్రశ్నార్థకాలు పెడితే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఇంకో మాట. 2021 ఏప్రిల్, మే నెలల్లో రిప్లై ఇవ్వని మనిషి ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఆక్సిజన్ బెడ్ కోసం తిరుగుతున్నాడో, రెమ్‌డెసివిర్ కోసం ఫోన్లు చేస్తున్నాడో. ఆ రోజుల్లో కొందరు పిల్లలు “సీన్ చేసి రిప్లై ఇవ్వరేంటి” అని స్టేటస్‌లు పెట్టారు. అలాంటివి చేయకండి.

నాకు సాయం చేస్తానన్న సీనియర్ ఇంట్లో ఎవరో పోయారని తెలిసింది. ఇప్పుడు ఎలా మాట్లాడాలి?

పరామర్శ చేయండి, అంతే. ఆ మెసేజ్‌లో మీ పని సంగతి ఒక్క అక్షరం ఉండకూడదు, చివర్లో “మీరు కుదుటపడ్డాక నా రెజ్యూమ్ చూడండి” అని కూడా వద్దు. మామూలుగా అయితే ఇంటికెళ్లి పక్కన కూర్చుని వచ్చేవాళ్లం, కరోనా ఆ దారి మూసేసింది. అందుకే రాసే నాలుగు మాటలు శ్రద్ధగా రాయండి. ఆర్‌ఐపీ అని మూడక్షరాలు, చేతులు జోడించిన బొమ్మ పెట్టి సరిపెట్టకండి. పోయినవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే వాళ్ల గురించి ఒక జ్ఞాపకం రాయండి. పెద్దకర్మ అయ్యాక కూడా కొన్ని రోజులు ఆగండి. ఆ కంపెనీలో గడువు దగ్గరపడుతుంటే మీరే పోర్టల్‌లో అప్లై చేసుకోండి, లేదా ఇంకొకరిని అడగండి. ఆయన మీద కోపంతో కాదు, ఆయన మీద భారం పడకుండా.

రిఫరల్ అంటే ఉద్యోగం ఇప్పించడమేనా?

కాదు. రిఫరల్ అంటే ఆ కంపెనీలో పనిచేసే మనిషి మీ పేరు సూచించడం. దానివల్ల మీ రెజ్యూమ్ హెచ్‌ఆర్ కంట పడుతుంది, అక్కడి నుంచి టెస్టూ ఇంటర్వ్యూ మీరే గట్టెక్కాలి. చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకి మీరు చేరాక బోనస్ వస్తుంది కాబట్టి మరీ కాళ్లావేళ్లా పడక్కర్లేదు. కానీ మీరు ఇంటర్వ్యూకి హాజరు కాకపోతే వాళ్ల పేరు పోతుంది.

అడిగేటప్పుడు ఆ కంపెనీ కెరీర్స్ పేజీలో ఉన్న జాబ్ ఐడీ, పీడీఎఫ్ రెజ్యూమ్, మీ గురించి ఆయన కాపీ చేసుకోవడానికి వీలుగా రెండు లైన్లు, ఈ మూడూ ఒకే మెసేజ్‌లో పంపండి. ఫైల్ పేరు “రెజ్యూమ్ ఫైనల్ కొత్తది 3” అని కాకుండా మీ పేరుతో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, రిఫరల్ అడగాలనుకున్న చోట ముందే మీరు సొంతంగా అప్లై చేయొద్దు. చాలా చోట్ల ఒకసారి మీ పేరు సిస్టంలో పడ్డాక కొన్ని నెలలదాకా రిఫరల్ తీసుకోదు.

నాకు ఇంగ్లీష్ సరిగా రాదు. లింక్డిన్ అంతా ఇంగ్లీషే కదా?

ప్రొఫైల్ ఇంగ్లీష్‌లో ఉండాలి, ఎందుకంటే రిక్రూటర్లు వెతికేది ఇంగ్లీష్ మాటలతోనే. చిన్న చిన్న వాక్యాలు చాలు. నిఘంటువు వెతికి పెద్ద పెద్ద విశేషణాలు పెట్టకండి, ఇంటర్వ్యూలో వాటి గురించే అడిగి టెన్షన్ పెడతారు. మెసేజ్ మాత్రం తెలుగువాళ్లకి తెలుగులో పెట్టండి, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా ఎవరూ ఏమీ అనుకోరు. వాయిస్ మెసేజ్‌లు పరిచయం ముదిరాకే. కొత్త మనిషి మూడు నిమిషాల వాయిస్ పంపితే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మా ఊళ్లో సిగ్నల్ అంతంత మాత్రం, ఇల్లు ఇరుకు. వీడియో కాల్ ఎలా?

ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి ఎక్కువమంది అడిగింది ఇదే. వీడియో అక్కర్లేదు, మామూలు ఫోన్ కాల్ అడగండి. “మా ఊళ్లో నెట్ సరిగా ఉండదు, మామూలు కాల్ మాట్లాడదామా” అంటే కాదనేవాళ్లు లేరు, స్క్రీన్ చూసి చూసి కళ్లు పోయిన అవతలివాళ్లు ఇంకా సంతోషిస్తారు. ఇంటర్వ్యూకి వీడియో తప్పదంటే డాబా మీదికి ఎక్కండి, ఫోన్‌ని గోడకి ఆనించి కళ్ల ఎత్తులో పెట్టండి, సూర్యుడు మీ వెనకాల కాకుండా ముందు ఉండేలా కూర్చోండి. కుక్కర్ విజిల్ ఆపమని అమ్మకి ముందే చెప్పండి. రోజూ వచ్చే డేటా 1.5 జీబీనో 2 జీబీనో అయితే ఆ రోజు పొద్దున వీడియోలు చూసి ఖర్చు చేసుకోకండి. కరెంట్ పోతే వైఫై పోతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఆన్ చేసి చూసుకోండి.

మీరే నలుగురిని కలిపి కాల్ పెడుతుంటే జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి కట్ అవుతుందని గుర్తుంచుకోండి. పాస్‌కోడ్ పెట్టండి, లింక్‌ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఎవరుపడితే వాళ్లు మీటింగుల్లో జొరబడుతున్నారనే 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ జూమ్ మీద హెచ్చరిక జారీ చేసింది.

ఉద్యోగం పోయింది. అందరికీ చెప్పుకోవాలా? చుట్టాలకి తెలిస్తే?

2020లో ఉద్యోగం పోవడం మీ తప్పు కాదని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి మీకంటే బాగా తెలుసు. దాచిపెడితే తెలిసినవాళ్లు సాయం చేసే వీలే ఉండదు. లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ ఆకుపచ్చ ఫ్రేమ్ వచ్చింది ఆ ఏడాదే. అందులో రెండు రకాలున్నాయి, అందరికీ కనబడేది ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే కనబడేది ఇంకొకటి. చుట్టాల బెంగ ఉన్నవాళ్లు రెండోది పెట్టుకోండి, అయినా లింక్డిన్ చూసే మేనత్తలు తక్కువే! పాత మేనేజర్‌ని తిట్టుకుంటూ పోస్టు మాత్రం పెట్టకండి. మనసులో మంట ఉంటే స్నేహితుడికి ఫోన్ చేసి గంట తిట్టండి, రికార్డు ఉండదు.

నేను సాఫ్ట్‌వేర్ కాదు, ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నాకు ఇవన్నీ పనికొస్తాయా?

ఇంకా ఎక్కువ పనికొస్తాయి. బడులు మూతపడి జీతాలు ఆగిపోయి, టీచర్లు కూరగాయలు అమ్మిన రోజులవి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేట్ స్కూళ్ల సిబ్బందికి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది, దాంతో ఇల్లు గడవదు కదా. మీ నెట్‌వర్క్ లింక్డిన్‌లో లేదు, మీ ఫోన్‌లో ఉంది. మీ దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రుల నంబర్లన్నీ మీ దగ్గరున్నాయి. ఒక అధ్యాయం తీసుకుని, భిన్నాలనుకోండి, పది నిమిషాల వీడియో తీసి ఓ పదిమంది తల్లులకి విడివిడిగా పంపండి. గ్రూప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ ఫొటోల కింద మునిగిపోతుంది. “మీ బాబుకి ఇది అర్థమైందేమో అడిగి చెప్పండమ్మా” అని రాయండి. ఫీజు మాట వాళ్లే ఎత్తుతారు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చాను. కంపెనీ పిలుస్తుందో లేదో తెలియదు. ఎవరిని పట్టుకోవాలి?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు వేలమంది పరిస్థితి ఇది. 2020 మే నుంచి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లని తెచ్చిన వందేభారత్ విమానాల్లో వచ్చినవాళ్లలో చాలామంది చివరి నెలల జీతం చేతికి రాకుండానే వచ్చారు. మీరు ముందు పట్టుకోవాల్సింది ఏజెంట్‌ని కాదు, మీతో పనిచేసిన ఫోర్‌మన్‌నీ సూపర్‌వైజర్‌నీ. మలయాళీ అయినా నేపాలీ అయినా ఆ మనిషికి మీ పని తెలుసు, ఆయన కొత్త కంపెనీకి మారితే తనతో పాటు పనివాళ్లని తీసుకెళ్తాడు. ఐఎంఓ యాప్‌లోనో వాట్సాప్‌లోనో నెలకోసారి క్షేమం అడుగుతూ ఉండండి. మీతోపాటు క్యాంప్‌లో ఉన్నవాళ్లందరితో ఒక గ్రూప్ ఉంచుకోండి, పెండింగ్ జీతాల కోసం ఫిర్యాదు చేయాలన్నా పదిమంది కలిసి ఉంటే బలం. పాత పే స్లిప్పులు, ఐడీ కార్డు, సర్టిఫికెట్లు ఫొటో తీసి ఈమెయిల్‌లో దాచుకోండి, ఫోన్ పోతే అన్నీ పోతాయి.

ఏజెంట్ అవసరమే పడితే అతని లైసెన్స్ నంబర్ కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ సర్వీస్ ఛార్జీ కింద తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు.

హైదరాబాద్ వెళ్లకుండా ఇక్కడే దొరకదా?

తక్కువే, కానీ లేవని కాదు. 2020 జనవరిలో, అంటే కరోనాకి సరిగ్గా ముందు, వరంగల్ పక్కన మడికొండలో ఐటీ కంపెనీలు టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు మొదలయ్యాయి. జూలైలో కరీంనగర్ ఐటీ టవర్ తెరిచారు. అక్కడ పనిచేసేవాళ్లు మీ కాలేజీవాళ్లే అయ్యుంటారు, పైన చెప్పిన కాగితంలో వాళ్ల పేర్లు చేర్చండి.

ఉద్యోగంలో చేరాను కానీ ఆఫీసు చూడలేదు. టీంలో ఎవరూ తెలియదు.

లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది, మేనేజర్ మొహం స్టాంపు బిళ్లంత చతురస్రంలో చూశారు, అంతే కదా. చేరిన మొదటి నెలలో టీంలో ఒక్కొక్కరినీ పావుగంట కాల్ అడగండి. “మీరు ఏ పని చూస్తారు, నేను ఏ విషయంలో మీ దగ్గరికి రావాలి” అన్న రెండు ప్రశ్నలు చాలు. కొత్తలో అడిగితే అందరూ చెప్తారు, ఏడాది తర్వాత అదే ప్రశ్న అడిగితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. పక్క టీంలో తెలుగువాళ్లు ఒకరిద్దరు దొరికితే మంచిదే, కానీ మీటింగ్ చాట్‌లో తమిళ సహోద్యోగి ముందు తెలుగులో గుసగుసలు వద్దు.

వెబినార్లు అటెండ్ అయితే లాభమేనా?

సర్టిఫికెట్ కోసమైతే లేదు. లాక్‌డౌన్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చిన ఆ ఈ-సర్టిఫికెట్లని ఎవరూ చూడరు. మాట్లాడినాయనని ఒక మంచి ప్రశ్న అడిగి, అదే రోజు సాయంత్రం ఆ ప్రశ్న గుర్తుచేస్తూ లింక్డిన్‌లో రిక్వెస్ట్ పెడితే మాత్రం లాభమే.

నేను అమ్మాయిని. కొత్తవాళ్లు రాత్రిళ్లు మెసేజ్ పెడుతున్నారు. కెరీర్ గురించే అంటున్నారు కానీ అనుమానంగా ఉంది.

అనుమానం వచ్చిందంటే చాలు, ఇంకో కారణం అక్కర్లేదు, బ్లాక్ చేయండి. పని మాటలు పగలు మాట్లాడవచ్చు. వాట్సాప్ నంబర్ అడిగితే “ఈమెయిల్ చేయండి” అనండి, నిజంగా పని ఉన్నవాళ్లు చేస్తారు. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబరూ ఈమెయిలూ ఎవరికి కనబడుతున్నాయో ఓసారి చూసుకోండి. మొదటి పలకరింపులు సీనియర్ అక్కలతో మొదలుపెట్టండి, ఏ టీంలో ఎవరు ఎలాంటివాళ్లో వాళ్లు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు.

ఉద్యోగం ఖాయం, లాప్‌టాప్ డిపాజిట్ కట్టమంటున్నారు. కట్టాలా?

వద్దు. డిపాజిట్, రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ ఫీజు, ఏ పేరు పెట్టినా ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. పెద్ద కంపెనీ పేరుతో జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్ లెటర్, వాట్సాప్ చాట్‌లోనే అయిపోయిన ఇంటర్వ్యూ, సాయంత్రంలోగా కట్టకపోతే సీటు పోతుందన్న తొందర, ఇవన్నీ మోసమే. ఆ కంపెనీలో పనిచేసే ఎవరినైనా వెతికి “ఈ లెటర్ నిజమేనా అన్నా” అని అడగండి, ఐదు నిమిషాల పని. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి (2021లో ఇది 155260 ఉండేది), జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెడితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

లింక్డిన్ ప్రీమియం కొనాలా?

అక్కర్లేదు. ఆ డబ్బుతో డేటా వేయించుకోండి.

ఉద్యోగం వచ్చింది! సాయం చేసినవాళ్లకి ఏమివ్వాలి?

స్టేటస్ పెట్టకముందే వాళ్లకి చెప్పండి, చేరే తేదీతో సహా. స్టేటస్ చూసి తెలుసుకుంటే చిన్నబుచ్చుకుంటారు. మీ రెజ్యూమ్ ఇంకా ఎవరి దగ్గరైనా నడుస్తుంటే వాళ్లకీ చెప్పండి, అనవసరంగా హెచ్‌ఆర్ వెంట పడుతుంటారు. రెండు ఆఫర్లు వచ్చి ఒకటి వదులుకుంటుంటే, ఆ రిఫరల్ ఇచ్చిన మనిషికి హెచ్‌ఆర్ కంటే ముందు మీరే చెప్పాలి. మెసేజ్ కాదు, ఫోన్ చేసి.